దేవుని నడిపింపు మనకు ఎలా తెలుస్తుంది?



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు, మీలో కొందరు మమ్మల్ని తరచుగా అడిగే ప్రశ్న గురించే రాయాలనుకున్నాం. "అన్నా, దేవుడు నడిపిస్తాడని చర్చిలో అంటరు గదా, ఆ నడిపింపు మనకు ఎట్ల తెలుస్తది?"

ఈ ప్రశ్న మాది కూడా. మా ఇళ్లలో కాలేజీ మెట్లెక్కిన మొదటివాళ్లం మేము. బీడీలు చుట్టే అమ్మను, పసుపు పనికి పోయే నాయనను ఏ కోర్సు తీసుకోవాలని అడిగితే ఏం చెప్తారు? "నీకు మంచిగ అనిపించింది చెయ్యి బిడ్డా" అనేవారు. దారి చెప్పే మనిషి ఇంట్లో లేనప్పుడు దేవుని వైపు చూస్తాం. అది తప్పు కాదు. అయితే ఎలా చూడాలో మేము ఆలస్యంగా నేర్చుకున్నాం.

క్రైస్తవ విశ్వాసంలో నడిపింపుకు ముఖ్యంగా నాలుగు ఆధారాలు చెబుతారు. మొదటిది వాక్యం, అంటే బైబిల్‌ను క్రమంగా చదవడం. రెండోది ప్రార్థన. మూడోది సంఘం, అంటే అనుభవం ఉన్న పెద్దల సలహా. నాలుగోది మనస్సాక్షి. 119వ కీర్తన దేవుని వాక్యాన్ని పాదాలకు దీపంతో పోలుస్తుంది. రాత్రిపూట పొలానికి మోటారు వేయడానికి పోయినవారికి ఈ పోలిక వెంటనే అర్థమవుతుంది. చేతిలోని టార్చిలైటు పొలం మొత్తాన్ని చూపించదు. గట్టు మీద ముందున్న రెండడుగులు చూపిస్తుంది. అవి వేస్తేనే తర్వాతి రెండు కనిపిస్తాయి.

మేము మాత్రం దారంతా ఒకేసారి కనబడాలనుకునేవాళ్లం. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీసుకుని, అందులో విజయం అనే మాట ఉంటే పరీక్ష పాసైనట్టే అనుకునేవాళ్లం. సందేహం వస్తే కళ్లు మూసుకుని బైబిల్ తెరిచి, వేలు పడిన చోట చదివేవాళ్లం. ఆ అలవాటు ఎలా పోయిందో చెప్తాం.

మేము పదో తరగతి వేరే మండలంలోని ఒక హాస్టల్లో ఉండి చదివాం. అక్కడ మా మిత్రునికి వీపు మీద పాలిపోయిన మచ్చ వచ్చింది. గిల్లినా తెలియడం లేదన్నాడు. ఎవరో "పెద్దరోగం" అన్నారు. ఆ సాయంత్రం నుంచి అతని పళ్లెం వేరైంది. పక్కన పడుకునేవాళ్లు లేరు. మేము కూడా మా పెట్టెలు దూరంగా జరుపుకున్నాం. ఆదివారం చర్చికి వెళ్లి, ఏం చేయాలో చెప్పమని ప్రార్థించి, బైబిల్ తెరిచి వేలు పెట్టాం. వంశావళి వచ్చింది. ఎవరికి ఎవరు పుట్టారో ఉంది గాని మా మిత్రుని సంగతి లేదు. మళ్లీ తెరిచాం. ప్రత్యక్ష గుడారం కొలతలు వచ్చాయి.

సంఘంలోని ఒక పెద్దయ్యకు ఈ మాట చెప్పాం. ఆయన నవ్వలేదు. "బిడ్డా, ఏం చెయ్యాల్నో మీకు ఎరుకే. అది చెయ్య భయమై ఇంకో జవాబు దేవులాడుతున్నరు" అన్నాడు. మత్తయి సువార్త 8వ అధ్యాయం చదివించాడు. అక్కడ కుష్ఠురోగి దగ్గరికి వస్తే యేసు ముందు చేయి చాపి ముట్టుకుంటాడు. ఆ తర్వాత అతడు శుద్ధుడవుతాడు. "మాటతోనే బాగుచేయగలిగినోడు ఎందుకు ముట్టిండో ఆలోచించుండ్రి" అన్నాడు పెద్దయ్య.

ఆ రాత్రి మా పెట్టెలు మళ్లీ అతని పక్కకు జరిపాం. మర్నాడు ప్రభుత్వ ఆసుపత్రికి తోడు వెళ్లాం. అక్కడ ఉచితంగా ఇచ్చిన మాత్రలు ఆరు నెలలు వాడాడు, బాగైపోయాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1981లో సూచించిన బహుళ ఔషధ చికిత్స ఇది. పక్కన కూర్చున్నంత మాత్రాన, ముట్టుకున్నంత మాత్రాన ఈ రోగం అంటుకోదు. చాలామంది శరీరాలకు దాన్ని తట్టుకునే శక్తి సహజంగానే ఉంటుంది. స్పర్శ లేని మచ్చ కనిపిస్తే దాచుకోకుండా చూపించుకోవాలి.

కొన్నేళ్ల తర్వాత ఆ మిత్రుడు, "మీరు పెట్టెలు జరిపిన రోజు నాకింకా గుర్తుంది" అన్నాడు. ఏ రోజని అడిగే ధైర్యం మాకు లేకపోయింది.

మన జక్రాన్‌పల్లి నుంచి హైదరాబాద్ వైపు హైవే మీద వెళ్తే డిచ్‌పల్లి వస్తుంది. ఇదే ప్రశ్నకు అక్కడ వందేళ్ల కిందటే ఒక జవాబు దొరికింది. స్కాట్లాండ్‌లో పుట్టి, 1903లో అబర్డీన్‌లో వైద్యపట్టా పొందిన ఇసబెల్ కెర్, భర్త జార్జి కెర్‌తో కలిసి 1907లో మెథడిస్టు మిషనరీగా నిజాం రాజ్యానికి వచ్చారు. నిజామాబాద్‌లో వైద్యం చేస్తుండగా, ఎక్కడా చోటు దొరకని కుష్ఠురోగులు ఆమె కంటపడ్డారు. ఆమెకు ముందున్న అడుగు అదే. దాత రాజా నర్సాగౌడ్ సాయం చేశారు. 1915లో డిచ్‌పల్లిలో విక్టోరియా కుష్ఠు ఆసుపత్రి మొదలైంది. ఆ రోజుల్లో నేటి మాత్రలు లేవు. చాల్‌మూగ్రా నూనెనే సూదిమందుగా ఇచ్చేవారు. ఇసబెల్ 1932లో కన్నుమూసే వరకు రోగుల సేవలోనే ఉన్నారు. నర్సాగౌడ్ హిందువు, కెర్ దంపతులు క్రైస్తవులు. మంచి అడుగు వేయడానికి మతం అడ్డు రాలేదని గమనించండి. అందుకే ఈ వ్యాసం చర్చికి వెళ్లని తమ్ముళ్లకు కూడా.

మరి నడిపింపును గుర్తించడం ఎలా? మేము ఇప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుంటాం. ఇది యేసు బోధకు, నడతకు సరిపోతుందా? మన మంచి కోరే పెద్దవారి ముందు సిగ్గుపడకుండా చెప్పగలమా? దీనివల్ల ఒంటరిగా ఉన్నవాడికి దగ్గరవుతున్నామా, దూరమవుతున్నామా? మొదటి రెండింటికి సాకులు చెప్పుకోవచ్చు. మూడోదాని దగ్గర దొరికిపోతాం.

ప్రార్థన చదువుకు బదులు కాదు. పరీక్ష ముందు ప్రార్థించండి, తర్వాత పుస్తకం తెరవండి. మాకు ఇప్పుడు ఇరవై మూడేళ్లు. పీజీ తర్వాత ఏమిటో మాకూ పూర్తిగా తెలియదు. అయినా మునుపటిలా భయం లేదు. ఈ రోజు చేయాల్సిన పని తెలుసు, పక్క మంచం మీద ఉన్నది ఎవరో తెలుసు.

తమ్ముళ్లారా, ఈ రాత్రి పడుకునే ముందు మీ గదిలో ఎవరి పెట్టె ఒంటరిగా ఉందో ఒకసారి చూడండి.