మెక్సికో పాటల కర్త హువాన్ గాబ్రియెల్

హువాన్ గాబ్రియెల్ మెక్సికోకు చెందిన గాయకుడు, పాటల రచయిత, స్వరకర్త. ఆయన రాసి బాణీ కట్టిన పాటలు 1,800 దాకా ఉంటాయని చెబుతారు. లాటిన్ పాప్ అనగానే బయటివాళ్ళకు హుషారైన డాన్స్ పాటలు గుర్తొస్తాయి. వియోగం, ఒంటరితనం, తల్లి మీద బెంగ పాడుకునే మరో పాయ కూడా అందులో ఉంది. ఆ పాయలో ఆయనను మించినవారు లేరు.

అసలు పేరు అల్బెర్తో అగిలేరా వలాదెస్. 1950 జనవరి 7న మిచోకాన్ రాష్ట్రంలోని పరాకువరోలో ఒక పేద రైతు ఇంట పదిమంది పిల్లల్లో ఆఖరివాడిగా పుట్టాడు. పసితనంలోనే తండ్రి గాబ్రియెల్ మతి చలించి మానసిక వైద్యశాల పాలయ్యాడు. తల్లి విక్తోరియా పిల్లలను వెంటబెట్టుకుని అమెరికా సరిహద్దును ఆనుకుని ఉన్న సియుదాద్ హువారెజ్ చేరింది. ఇళ్ళల్లో పనిచేస్తూ, సాకలేక చిన్నకొడుకును పిల్లల వసతి గృహంలో వదిలింది. అక్కడ హువాన్ కొంత్రేరాస్ అనే వృద్ధుడు వాడికి రేకుపని నేర్పాడు, సంగీతమూ నేర్పాడు. పదమూడేళ్ళ వయసులో కుర్రాడు అక్కడినుంచి పారిపోయాడు.

తర్వాత హువారెజ్‌లోని నోవా నోవా అనే బార్‌లో ఆదాన్ లూనా పేరుతో పాడాడు. అవకాశాల కోసం మెక్సికో సిటీ వెళితే దొంగతనం నేరం మీద పడింది. లెకుంబెర్రి జైలులో ఏడాదిన్నర గడిచింది. అక్కడా పాటలు కడుతూనే ఉన్నాడు. బయటికొచ్చాక 'లా ప్రియెతా లిందా'గా పేరున్న గాయని ఎన్రికెతా హిమెనెస్ చేయూతనిచ్చి రికార్డింగ్ కంపెనీ దాకా చేర్చింది. గురువు పేరులోని హువాన్‌ను, తండ్రి పేరైన గాబ్రియెల్‌ను కలిపి కొత్త పేరు పెట్టుకున్నాడు.

1971లో వచ్చిన 'నో తెంగో దినెరో' ఆయన తొలి హిట్. చేతిలో డబ్బులేని ప్రేమికుడి పాట అది. 1974లో మరియాచి వర్గాస్ బృందంతో ఆల్బం చేశాడు. వయొలిన్లు, ట్రంపెట్లు, గిటార్లతో సాగే మరియాచి వాద్యం మెక్సికో పల్లెపదాల ఒరవడిలో పుట్టిన రాంచెరా పాటలకు ప్రాణం. పాప్ గాయకుడొకడు అందులో అడుగుపెట్టి, ఆ సంప్రదాయానికి పట్టణ యువతను దగ్గర చేశాడు. 1977 నుంచి స్పెయిన్ గాయని రొసియో దుర్కల్ ఆయన పాటలను వరుస ఆల్బంలుగా పాడింది. మాడ్రిడ్‌లో పుట్టిన ఆమెను మెక్సికన్లు రాంచెరా రాణిగా నెత్తిన పెట్టుకున్నారు.

ఆయన మాటలు నిరాడంబరం. వంటింట్లోనో వాకిట్లోనో మనుషులు మాట్లాడుకునే మాటలే పాటలయ్యాయి. అలంకారాలు వెతికే విమర్శకులు ఆ సాదాతనాన్ని చాలాకాలం చిన్నచూపు చూశారు. అది వాళ్ళ పొరపాటు. 1974లో తల్లి చనిపోయింది. ఆమెను తలచుకుని కట్టినదిగా ప్రసిద్ధికెక్కిన 'ఆమోర్ ఎతెర్నో'ను 1984లో దుర్కల్ రికార్డు చేసింది. నేడు అంత్యక్రియల్లో, అమ్మల పండుగనాడు, పితృదేవతలను తలచుకునే నవంబరు రోజుల్లో ఆ పాట వినిపిస్తుంది. 2019లో అమెరికా నగరం ఎల్ పాసోలోని దుకాణంలో కాల్పులకు బలైనవారి కోసం జనం పాడుకున్నదీ అదే.

అదే 1984లో 'కెరీదా' ఊరూవాడా మారుమోగింది. ఆ తర్వాత పాటల హక్కుల కోసం రికార్డింగ్ కంపెనీతో పోరు మొదలైంది. 1986 నుంచి 1994 దాకా కొత్త పాటల ఆల్బం ఏదీ ఇవ్వలేదు. కీర్తి శిఖరాన ఉన్న కళాకారుడు అన్నేళ్ళు మౌనంగా ఉండటానికి ఎంతో తెగువ కావాలి. తన పాటలు తనకే చెందాలన్న పట్టుదల చివరికి నెగ్గింది.

ఆ మౌనం మధ్యలోనే 1990 మేలో ఆయన జీవితంలోని గొప్ప ఘట్టం జరిగింది. మెక్సికో సిటీలోని బెయ్యాస్ ఆర్తెస్ భవనం ఒపేరాకు, శాస్త్రీయ సంగీతానికి నెలవు. జనరంజక గాయకుడికి ఆ వేదిక ఇవ్వడమేమిటని మేధావులు కొందరు గొడవపెట్టారు. దేశపు జాతీయ సింఫనీ ఆర్కెస్ట్రా వెనక వాయిస్తుండగా ఆయన పాడాడు. నిదానంగా మొదలై ఉద్ధృతమయ్యే 'అస్తా కె తె కొనోసీ'తో సభను లేపి నిలబెట్టాడు. ఆర్కెస్ట్రా, మరియాచి, పాప్ ఒకే వేదిక మీద ఇంత సహజంగా కలిసిన కచేరీలు అరుదు.

మగతనపు బింకానికి పేరుపడ్డ రాంచెరా లోకంలో ఆయన తళుకుల దుస్తులతో, ఒయ్యారంగా ఆడుతూ పాడాడు. లైంగికత గురించి 2002లో టీవీ విలేఖరి అడిగితే, కంటికి కనిపించేదాన్ని అడగరన్న అర్థం వచ్చే జవాబిచ్చి ఊరుకున్నాడు. ఆ మాట దేశమంతా ప్రచారమైంది. తమలాంటివాడొకడు తలెత్తుకు నిలబడ్డాడని స్వలింగ ప్రేమికులెందరో భావించారు.

హువారెజ్‌ను ఆయన మరువలేదు. అనాథ పిల్లల కోసం అక్కడ సెమ్హాసే అనే ఆశ్రయం నెలకొల్పాడు. ఆ ఊరి బార్ పేరుతో పాట కట్టాడు, సినిమాలోనూ నటించాడు. మానా రాక్ బృందం మొదలు గాయని ఇసబెల్ పంతోహా దాకా ఎందరో ఆయన పాటలు పాడారు.

2016 ఆగస్టు 26న లాస్ ఏంజెలెస్ పక్కనున్న ఇంగిల్‌వుడ్‌లో కచేరీ చేశాడు. 28న శాంటా మోనికాలో గుండెపోటుతో మరణించాడు. ఆ ఏడాది లాటిన్ గ్రామీల్లో ఉత్తమ ఆల్బం పురస్కారం ఆయన యుగళగీతాల సంకలనానికే దక్కింది. ఆయనను కొత్తగా వినదలచినవారు 1990 నాటి బెయ్యాస్ ఆర్తెస్ రికార్డింగుతో మొదలుపెట్టాలి. స్పానిష్ రాకపోయినా ఆ కచేరీ కట్టిపడేస్తుంది.