ఆంగ్లేయశబ్దవిచారము

మన పాఠ్యగ్రంథములందు "ఆంగ్లేయులు" అను పదము పుటపుటకును గానవచ్చును. దీనిని దత్సమమని బోధించు పండితులు పలువురు గలరు. వైనతేయ, గాంగేయ, కౌంతేయశబ్దములవలె నిదియు ఢక్ప్రత్యయాంతమనియు, అంగ్లదేశమున బుట్టినవారాంగ్లేయులనియు వారి వ్యుత్పత్తి. ఇది నిలుచునేమో చూతము.

ఢక్ప్రత్యయమందలి ఢకారమునకు "ఏయ" యాదేశమగును. ప్రత్యయము కిత్తు గావున నాదిస్వరమునకు వృద్ధి వచ్చును. అయిన నపత్యార్థమున నీ ప్రత్యయము ప్రధానముగ స్త్రీప్రత్యయాంతములకు గలుగునది. వినత, గంగ, కుంతి యట్టివే. ఆత్రేయాదులయందు బ్రకృతి యికారాంతము. అంగ్లశబ్దమో, అకారాంతము. నద్యాదిగణమున వారాణస్యాదులగు స్థలనామములకు గూడ ఢక్కు విహితమే కదా యందురేని, ఆ గణమున నీ పేరు లేదు. అసలు అంగ్లయను దేశనామమే ప్రాచీనసంస్కృతమున గానరాదు. పోనీ, వారి స్వభాషయందలి "ఇంగ్లండు" అను పేరునే ప్రకృతిగా గైకొందమన్నచో, ఇకారమునకు వృద్ధి ఐకారము గావున "ఐంగ్లేయ" కావలెను. ఆకారమెక్కడనుండి వచ్చినది?

సముద్రమార్గమున వచ్చినదని నా తలపు. హిందూస్థానీ భాషలోని "అంగ్రేజు" పోర్చుగీసువారి పలుకునుండి పుట్టినది. పుదుచ్చేరియందు స్థిరపడిన ఫ్రెంచివారు తమ ప్రత్యర్థులను "ఆంగ్లే" అనియే పిలుచుచుండిరి. తమిళులును "ఆంగిలేయర్" అందురు. ఈ విదేశీయోచ్చారణమునకు యకారము చేరగానే గాంగేయశబ్దముతో సామ్యము కలిగినది. వ్యుత్పత్తి తరువాత గల్పింపబడినది. కావున నిది సంస్కృతవేషము దాల్చిన యన్యదేశ్యమే కాని తత్సమము కాదు.

సంస్కృతకవులు వేరొకమార్గము ద్రొక్కిరి. క్రీస్తుశకము 17వ శతాబ్దిలో వేంకటాధ్వరి తన విశ్వగుణాదర్శచంపువునందు చెన్నపట్టణపు శ్వేతజాతివారిని హూణులనెను. ఆ దారినే మన పండితులు హూణభాష, హూణశకము అని వ్రాసిరి. శబ్దము శుద్ధమే కాని, అర్థమున దోషము: గుప్తరాజులతో బోరిన హూణులకును వీరికిని సంబంధము లేదు. పరంగిశబ్దము ఫ్రాంకులను జాతినామమునుండి అరబ్బీ, పారసీకములద్వారా వచ్చి మొదట పోర్చుగీసువారికి జెల్లి, పిదప నెల్ల ఐరోపీయులకును వ్యాపించినది. భావప్రకాశమున ఫిరంగరోగము, మన కోటలపై ఫిరంగి, రెండును దీని సంతానమే!

ఇక నర్థము. ఆంగిలులనునది జర్మనీదేశపు ఉత్తరభాగముననుండి 5వ శతాబ్దిలో బ్రిటనుద్వీపమునకు వలసవచ్చిన యొక తెగ. వారికి బూర్వమే యచ్చట నుండినవారు బ్రిటనులు. బ్రిటిషుశబ్దమునకు మూలము వీరి పేరు. ద్వీపపు ఉత్తరభాగమైన స్కాట్లండు వేరొక రాజ్యమైయుండి 1707లో ఇంగ్లండుతో నేకమైనది. కావున నాంగ్లేయులు బ్రిటిషువారిలో నొకభాగము మాత్రమే.

ఈ భేదము మన సీమవారికి దూరపుసంగతి కాదు. 1800లో నిజాము కుంపిణీకి దత్తముచేసిన మండలములకు ముఖ్య కలెక్టరుగా వచ్చిన మన్రో 1761లో స్కాట్లండులోని గ్లాస్గోనగరమున జన్మించినవాడు. 1827లో పత్తికొండలో విషూచిచే మృతిజెందెను. మన గ్రామముల కైఫీయతులను వ్రాయించిన మెకంజీయు స్కాట్లండువాడే. ఈ యిరువురిని నాంగ్లేయులని బాలురచే వ్రాయించుట తప్పు. నేటి నంద్యాల జిల్లాలోని బనగానపల్లె 1948 వరకు నవాబుల సంస్థానము. దాని చుట్టునున్న రాజ్యమును "ఆంగ్లేయప్రభుత్వ"మనుట కంటె బ్రిటిషుప్రభుత్వమనుటయే సరి. ఇక 1858కి పూర్వపు సంగతి యైనచో సామాన్యజనులు వాడిన "కుంపిణీవారు" అను మాటయే పండితుల మాటకంటె నిర్దుష్టము, ఏలయన నాడు పాలించినది కుంపిణీయే.

రూఢి బలవత్తరమందురు, సత్యమే. భాషకు, సాహిత్యమునకు ఆంగ్లశబ్దము నిశ్చింతగా జెల్లును. వ్యక్తులయెడ మాత్రము విచారించి వాడవలెను. కడపలో బంగళా కొని పండితులచే తాళపత్రప్రతులను బరిష్కరింపజేసిన బ్రౌను 1798లో కలకత్తాలో బుట్టినను తండ్రి యార్కుషైరువాడు. అతని నాంగ్లేయుడనుట కభ్యంతరము లేదు.