దేహ పరీక్ష – పడవ పందెం

బొబ్బిలి సమీపంలోని గొల్లపల్లిలో శిల్పులు ఒకే పనస దుంగను తొలిచి వీణను మలుస్తారు. దుంగలో పగుళ్ళున్నవో లేవో ముందుగానే పరిశీలించవచ్చు. కాని దాని నాదమెట్టిదో తంత్రులు బిగించి మీటిన పిదపనే తెలుస్తుంది. క్రీడాకారుని దేహ సామర్థ్యాన్ని కొలిచి, పోటీలో అతడు సాధించబోయే ఫలితాన్ని ఊహించే శాస్త్రానికీ ఇట్టి హద్దే ఉన్నది. కయాక్ పడవల పందెం ఇందుకు చక్కని ఉదాహరణ.

కయాక్ ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యుట్ ప్రజలు వేటకు వాడిన తేలికైన పడవ. అందులో ముందుకు కాళ్ళు చాచి కూర్చుండి, రెండు కొనలకూ రెక్కలున్న తెడ్డుతో నడుపుతారు. ఈ పందెం 1936లో బెర్లిన్ ఒలింపిక్ క్రీడలలో చోటు సంపాదించింది. 1000 మీటర్ల దూరాన్ని అగ్రశ్రేణి పురుషులు సుమారు మూడున్నర నిమిషాలలో ముగిస్తారు. దానికి కావలసిన శక్తిలో దాదాపు ఐదింట నాలుగు వంతులు ఆక్సిజన్ సాయంతో లభిస్తుంది. అర నిమిషానికి కొంచెం మించి సాగే 200 మీటర్ల పందెంలో మాత్రం ఎక్కువ శక్తి ఆక్సిజన్ ప్రమేయం లేకుండానే పుడుతుంది. కనుక ఏ పరీక్షకు ప్రాధాన్యమివ్వాలో పందెపు దూరమే నిర్ణయిస్తుంది.

శరీరం ఒక నిమిషంలో గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్‌ను వినియోగించుకోగలదన్న భావనను ఆర్చిబాల్డ్ హిల్ అనే ఆంగ్ల శాస్త్రవేత్త 1923 ప్రాంతంలో ప్రతిపాదించాడు. దానిని కొలవడానికి క్రీడాకారుని ముఖానికి తొడుగు అమర్చి, క్రమంగా శ్రమను పెంచుతారు. పడవను నడిపేది ప్రధానంగా చేతులు, భుజాలు, నడుము. అందుచేత పరుగు యంత్రం కన్న తెడ్డు వేసే యంత్రం మీద జరిపిన పరీక్షయే నమ్మదగినది. శ్రమ పెరిగేకొద్దీ వేలి కొన నుండి రక్తపు చుక్క తీసి, అందులోని ల్యాక్టేట్‌ను కూడ కొలుస్తారు. అది ఎంత ఆలస్యంగా పెరిగితే ఆ క్రీడాకారుడు అంతసేపు వేగాన్ని నిలుపుకోగలడు.

వివిధ స్థాయిల వారిని పోల్చినపుడు ఈ అంకెలు ఫలితాన్ని బాగానే సూచిస్తాయి. అందరూ అగ్రశ్రేణి వారే అయినపుడు అంకెల మధ్య అంతరం తగ్గిపోతుంది. అప్పుడు తెడ్డు వేసే నేర్పు, నిబ్బరం, ఆనాటి గాలి విజేతను నిర్ణయిస్తాయి.

కంటి అంచనా ఇంకను బలహీనమైనది. శ్రీకాకుళం జిల్లా ఊసవానిపేటకు చెందిన కరణం మల్లీశ్వరిని బాల్యంలో బక్కపలుచగా ఉన్నదని బరువులెత్తే శిక్షణకు తొలుత కాదన్నారు. ఆమె 2000లో సిడ్నీలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్య పతకం సాధించి, ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళగా చరిత్రకెక్కింది. నాటి ఆ నిర్ణయమే తుది తీర్పు అయి ఉంటే దేశానికి ఆ పతకం దక్కేది కాదు.

కాబట్టి పరీక్ష తలుపు మూసే గడియ కారాదు. ల్యాక్టేట్ త్వరగా పెరిగిన వానికి ఓర్పును పెంచే సాధన ఇచ్చి, కొన్ని వారాల తరువాత మరల కొలిచి, అతని నిన్నటి అంకెతో నేటి అంకెను పోల్చడమే దాని సద్వినియోగం. దుంగను పరీక్షించడం అవసరమే; కాని వీణను మీటి చూడకుండా దాని నాదాన్ని నిర్ణయించరాదు.