స్పోర్ట్స్ కారు – నాడు, నేడు

హైదరాబాదు నగరమునకు మోటారు కారుపై మక్కువ నేటిది కాదు. ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ కాలమున ఆర్డరు చేయబడిన పసుపుపచ్చని రోల్స్‌రాయిస్ కారును చౌమహల్లా ప్యాలెస్‌లో నేటికిని చూడవచ్చును. అది రాజసమునకు గుర్తు. వేగమునకు గుర్తు స్పోర్ట్స్ కారు. అమీర్‌పేట, పంజాగుట్ట కూడళ్లలో ఆటోల నడుమ ఆగియున్న వేగవంతమైన కార్లను మన విద్యార్థులు ఆశగా చూచుచుందురు. ఆ వేగము ఎచటినుండి వచ్చుచున్నదో పరిశీలింతము.

పాతతరమునకు ప్రతినిధిగా 1961లో వెలువడిన జాగ్వార్ ఇ-టైప్‌ను తీసికొందము. దాని ఇంజను పరిమాణము 3,781 ఘన సెంటీమీటర్లు, సిలిండర్లు ఆరు, సంస్థ ప్రకటించిన శక్తి 265 అశ్వశక్తి. కొత్తతరమునకు 2019లో వచ్చిన మెర్సిడెస్ ఏఎంజీ ఏ45 ఎస్‌ను చూతము. దానికి నాలుగే సిలిండర్లు, పరిమాణము 1,991 ఘన సెంటీమీటర్లు మాత్రమే. శక్తి 421 అశ్వశక్తి! కొలతల పద్ధతులలో కొంత భేదమున్నను, లీటరు ఒక్కింటికి శక్తి సుమారు మూడు రెట్లు పెరిగినదన్నమాట.

ఈ వింతకు ముఖ్యకారణము టర్బోచార్జరు. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్ఫ్రెడ్ బ్యూకి 1905లోనే దీనికి పేటెంటు పొందెను. మామూలు ఇంజను తాను పీల్చుకొనగలిగినంత గాలినే పీల్చుకొనును. టర్బో ఇంజనులో, వృథాగా పోవలసిన పొగ ఒక చిన్న చక్రమును త్రిప్పును. అదే ఇరుసు రెండవ కొనయందున్న మరొక చక్రము బయటి గాలిని అదిమి సిలిండరులోనికి నెట్టును. గాలి అధికమైనచో ఇంధనమును అధికముగా మండించవచ్చును, శక్తియు పెరుగును. అదిమిన గాలి వేడెక్కును గనుక, దానిని ఇంటర్‌కూలరు చల్లబరచును. నిమిషమునకు లక్షకు పైగా చుట్లు తిరుగు ఈ చక్రము వేగమందుకొనుటకు క్షణకాలము పట్టును. కావున తొలినాటి టర్బో కార్లలో పెడలు నొక్కిన పిదప కొంత జాగుండి, అటుపై శక్తి ఒక్కుమ్మడిగా పైబడెడిది. నేడు ఎలక్ట్రానిక్ నియంత్రణ ఆ లోపమును చాలవరకు తగ్గించినది.

పాత కారులో ఇంజను చప్పుడు, స్టీరింగు అదురు, టైరు జారుట చోదకునికి ముందే హెచ్చరిక చేయుచుండెను. కొత్త కారు నిశ్శబ్దముగా, నిలకడగా సాగును. చక్రములు బిగుసుకొనకుండ కాపాడు బ్రేకులు, ఎయిర్‌బ్యాగులు దానికి కలవు. ఈ విషయమున కొత్తదే మేలు. అయితే గంటకు 40 కిలోమీటర్లును 80గా తోపించని ఆ కారు, 80ని మాత్రము 40గా భ్రమింపజేయును! ప్రకృతి నియమము మారలేదు. వేగము రెట్టింపైనచో, బ్రేకు వేసిన తరువాత కారు ఆగుటకు పట్టు దూరము నాలుగు రెట్లగును.

2016 జూలైలో పంజాగుట్ట ప్రాంతమున, మద్యము సేవించిన విద్యార్థుల కారు డివైడరు దాటి మరొక కారుపై పడగా, ఒక పసిబాలిక అసువులు బాసినది. ఆ విషాదము నగరము మరువరానిది.

అమీర్‌పేట నుండి పంజాగుట్టకు మెట్రో రైలులో ఒకే స్టేషను దూరము. ఆ కొద్దిపాటి దారిలో జాగ్వారైనను, టర్బో కారైనను సిటీ బస్సు వెనుకనే నడువవలెను. అశ్వశక్తిని ఇంజనీరు పెంచగలడు. కళ్ళెము మాత్రము చోదకుని చేతిలోనే ఉన్నది. రేపు స్టీరింగు పట్టబోవు మన యువకులు దీనిని గుర్తుంచుకొందురుగాక యని మా ఆకాంక్ష.