బరువు తగ్గే ఆపరేషన్ తర్వాత మన దస్తర్‌ఖాన్



మా సంఘానికి వచ్చే వైద్య సహాయం దరఖాస్తుల్లో డయాలిసిస్‌వి ఉంటాయి, గుండె ఆపరేషన్లవి ఉంటాయి, కాన్పు ఖర్చులవి ఉంటాయి. వాటి మీద మా సమావేశాల్లో పెద్దగా వాదన జరగదు. కడుపుకి బ్యాండు వేయించుకున్న ఒక ఆపాకు తర్వాతి వైద్యానికి సహాయం కావాలని దరఖాస్తు వచ్చిన రోజు మాత్రం వాదన జరిగింది. "నోరు కట్టుకుంటే పోయేదానికి నలుగురి సదకా సొమ్ము ఎందుకు?" అని ఒక పెద్దాయన అడిగారు. ఆ అడగడంలో తప్పులేదు. దాతల డబ్బుకు లెక్క చెప్పవలసినవాళ్ళం మేము. ఆ ప్రశ్నకు ఆ రోజు సగమే జవాబు చెప్పగలిగాము. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాము.

నోరు కట్టుకోవడం అందరికీ ఒకే బరువు పని కాదు. మనిషి ఒక్కసారి బాగా లావెక్కాక, తిండి తగ్గిస్తే శరీరం దాన్ని కరువుగా లెక్కవేస్తుంది. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను పెరుగుతుంది, ఖర్చయ్యే శక్తి తగ్గుతుంది. అందుకే నాలుగు నెలలు కష్టపడి పది కిలోలు తగ్గినవాళ్ళు ఏడాదిలో పన్నెండు కిలోలు పెరగడం మనం ఇళ్ళలో చూస్తూనే ఉన్నాము. ఆపరేషన్ అవసరమని చెప్పేది అందానికి కాదు. మన దేశంలో ఆరోగ్య బీమా నిబంధనల ప్రకారం బిఎంఐ 40 దాటితేనో, లేదా 35 దాటి తీవ్రమైన గుండె జబ్బు, నిద్రలో ఊపిరి ఆగిపోవడం, అదుపులోకి రాని షుగరు లాంటివి ఉంటేనో తప్ప ఈ ఆపరేషన్‌కు డబ్బు రాదు. అయిదడుగుల ఒక అంగుళం ఎత్తున్న మనిషికి బిఎంఐ 40 అంటే దాదాపు 96 కిలోలు. ఆ బరువుతో మోకాళ్ళు అరిగి, కుర్చీలో కూర్చుని నమాజు చేసుకునే ఆడవాళ్ళు మన బస్తీల్లోనే ఉన్నారు.

కొందరు దీన్ని కొవ్వు పీల్చే లైపోసక్షన్‌తో కలిపేస్తారు. సినీనటి ఆర్తి అగర్వాల్ 2015 జూన్‌లో అమెరికాలో చనిపోయినప్పుడు పత్రికల్లో వచ్చింది లైపోసక్షన్ మాట. అది చర్మం కింది కొవ్వు తీసే పని. మేము చెబుతున్నది కడుపు మీద చేసే ఆపరేషన్.

బ్యాండు అంటే సిలికాన్‌తో చేసిన చిన్న పట్టీ. అన్నవాహిక వచ్చి కడుపులో కలిసే చోటికి కాస్త కింద, కడుపు చుట్టూ దాన్ని ఉంగరంలా బిగిస్తారు. పట్టీకి పైన చిన్న సంచీ అంత భాగం మిగులుతుంది. మొదట అందులో పట్టేది రెండు పెద్ద చెంచాల పదార్థం. పట్టీ లోపలి వైపు గాలిబుడగ లాంటి అర ఉంటుంది. దాని నుంచి ఒక సన్నని గొట్టం పొట్ట చర్మం కింద అమర్చిన బిళ్ళ దాకా వస్తుంది. ఆ బిళ్ళలోకి ప్రత్యేకమైన సూదితో సెలైన్ ఎక్కిస్తే పట్టీ బిగుస్తుంది, తీస్తే వదులవుతుంది. కడుపు కోయడం గానీ పేగు మళ్ళించడం గానీ ఉండదు. లాపరోస్కోపీతో ఈ రకం బ్యాండును 1993లో బెల్జియంలో మొదలుపెట్టారు. అమెరికా ప్రభుత్వ అనుమతి 2001లో వచ్చింది. 2013లో అక్కడి న్యూజెర్సీ గవర్నరు క్రిస్ క్రిస్టీ తానూ వేయించుకున్నానని బయటపెట్టాక ఇది అందరి నోళ్ళలో పడింది.

ఇప్పుడు బ్యాండు వాడకం బాగా తగ్గింది. కొందరికి అది జారింది, కొందరికి కడుపు గోడను ఒరుసుకుంటూ లోపలికి దిగింది, చాలామందికి అనుకున్నంత బరువు తగ్గలేదు. ఏళ్ళ తర్వాత తీయించుకున్నవాళ్ళు ఎందరో. ఇప్పుడు మన దేశంలో ఎక్కువగా చేస్తున్నది కడుపులో దాదాపు నాలుగింట మూడు వంతులు తీసేసే స్లీవ్ ఆపరేషన్. అయినా తిండి విషయంలో బ్యాండు నేర్పే పాఠం స్లీవ్‌కూ చాలావరకు వర్తిస్తుంది. బ్యాండు వేయించుకున్నవాళ్ళు మన మధ్య ఇంకా ఉన్నారు కూడా.

ఆపరేషన్ అయిన మొదటి వారం, రెండు వారాలు పలుచని ద్రవాలే. వడకట్టిన యఖ్నీ, పప్పు కట్టు, మజ్జిగ తేట, పలుచని చోడి జావ. తర్వాత మెత్తగా మెదిపినవి: బాగా ఉడికిన పప్పు, గుడ్డు, ముల్లు తీసిన చేప. గట్టి ఆహారానికి వచ్చేసరికి ఇంచుమించు ఆరు వారాలు పడుతుంది. ఆ సమయానికే డాక్టరు మొదటిసారి సెలైన్ ఎక్కిస్తారు. పట్టీ సరిగ్గా కుదిరితే కొద్దిగా తినగానే ఆకలి తీరుతుంది, మూడు నాలుగు గంటలు మళ్ళీ గుర్తు రాదు. వదులుగా ఉంటే గంటకే ఆకలి. మరీ బిగిస్తే వాంతులు, రాత్రి పడుకుంటే దగ్గు, గుండెల్లో మంట. అప్పుడు మనిషి గట్టి తిండి మానేసి మెత్తటివాటికి దిగుతాడు. బిగువుగా ఉంటే ఎక్కువ తగ్గుతామని అనుకోవడం పొరపాటు.

తినే పద్ధతి మొత్తం మారాలి. ముద్ద శనగగింజంత. ఒక్కో ముద్దను ఇరవై సార్లయినా నమలాలి. మొదట గుడ్డో చేపో పప్పో, తర్వాత కూర, చివర చోటుంటే అన్నం. రోజుకు 60 గ్రాములకు తగ్గకుండా ప్రొటీన్ అందాలి, లేకపోతే కొవ్వుతో పాటు కండా కరుగుతుంది. ఇరవై, ముప్పై నిమిషాల్లో భోజనం ముగించి, పళ్ళెంలో ఏం మిగిలినా లేచిపోవాలి. ముద్దగా అతుక్కునే అన్నం, పరోటా, మెత్తటి బ్రెడ్డు, పీచుగా విడిపోయే మటన్ ముక్క ఇరుక్కుంటాయి. ఇరుక్కుంటే ఛాతీ మధ్యలో రాయి పెట్టినట్టు నొప్పి వస్తుంది, నోట్లో జిగురు నీళ్ళు ఊరతాయి, తిన్నది వెనక్కి వస్తుంది. దావత్‌లో పదిమంది మధ్య అది ఒక్కసారి జరిగితే ఆ మనిషి మళ్ళీ దావత్‌కు రావడానికి జంకుతుంది.

అసలు చిక్కు వేరే చోట ఉంది. బ్యాండు గట్టి తిండిని ఆపుతుంది గానీ పాయసాన్ని ఆపదు. షీర్ ఖుర్మా, ఫిర్నీ, ఐస్‌క్రీం, రూహ్ అఫ్జా కలిపిన పాలు, నేతితో జారిపోయే హల్వా సాఫీగా దిగిపోతాయి. కడుపు నిండిన గుర్తే ఉండదు. ఒక చపాతీ తినలేని మనిషి రెండు గ్లాసుల షర్బత్ తాగగలదు. మేము పైన చెప్పిన ఆపాకు జరిగింది అదే. మొదటి ఏడాది ఇరవై కిలోలకు పైగా తగ్గింది. తర్వాత ఇంట్లో రెండు పెళ్ళిళ్ళు వచ్చాయి. మాంసం దిగడం లేదని చుట్టాలు జాలిపడి మీఠా పెట్టారు. తగ్గినదాంట్లో సగం తిరిగి వచ్చింది. ఆమెకు కడుపు మీద బ్యాండు ఉంది, చేతి మీద లేదు. పెట్టే మా చేతుల మీద అసలే లేదు.

నీళ్ళ సంగతి కూడా కొత్తగా నేర్చుకోవాల్సిందే. తిండితో పాటు నీళ్ళు తాగితే తిన్నది కొట్టుకుపోయి సంచీ త్వరగా ఖాళీ అవుతుంది, మళ్ళీ ఆకలి. అందుకని భోజనం చేస్తూ తాగకూడదు, చేశాక అరగంట నుంచి గంట వరకు ఆగాలి. మిగతా సమయంలో గుక్కగుక్కగా రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్లు. కడుపులో ఒక వంతు తిండికి, ఒక వంతు నీటికి, ఒక వంతు ఊపిరికి అన్న దైవప్రవక్త (స) బోధ తిర్మిజీ హదీసు గ్రంథంలో ఉంది. మరి నీళ్ళు వద్దంటున్నారేమిటని ఒక యువకుడు మమ్మల్ని అడిగాడు. ఆ బోధ కడుపు నింపేయవద్దని. డాక్టరు చెప్పేది జబ్బు మనిషి ఆ వంతులను వేరువేరు వేళల్లో తీసుకోవాలని. మాకు ఇందులో విరోధం కనిపించలేదు.

మన ఇళ్ళలో ఆడవాళ్ళ లావుకు ఒక కారణం ఎవరూ రాయరు. అందరూ తిన్నాక చివర కూర్చుంటారు, పిల్లల పళ్ళేల్లో మిగిలింది పారేస్తే గునహా అని తామే తినేస్తారు. దివ్య ఖుర్ఆన్ ఆరాఫ్ అధ్యాయం 31వ ఆయతు తినడానికీ తాగడానికీ అనుమతి ఇస్తూనే మితిమీరడాన్ని వారించింది. నిండిన కడుపులో కుక్కిన అన్నం కూడా వృథా అయిన అన్నమేనని మా అభిప్రాయం. పళ్ళెం ఖాళీ చేయడం సున్నతే. అందుకు దారి, ముందే తక్కువ వడ్డించుకోవడం. బ్యాండు ఉన్నవాళ్ళు టీ సాసరంత పళ్ళెం, చిన్న చెంచా వాడితే మంచిది. నలుగురు ఒకే తబుకులో తినే చోట వాళ్ళకు విడిగా పెట్టడం అగౌరవం కాదు.

ఇక రమజాన్. బఖరా అధ్యాయం 184, 185 ఆయతులు రోగికి ఉపవాసం వాయిదా వేసుకునే వెసులుబాటు ఇచ్చాయి. అసలు ఉండలేనివారికి ఫిద్యా ఉంది. అయినా ఆపరేషన్ అయిన రెండు నెలలకే రోజా పట్టేవాళ్ళు ఉన్నారు, ఎవరైనా ఏమైనా అనుకుంటారని. చాలామంది సర్జన్లు ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఆగమంటారు. ఆ తర్వాత కూడా షుగరు మందులు వాడేవాళ్ళు డాక్టరును, ఆలిమ్‌ను ఇద్దరినీ అడిగే నియ్యత్ చేసుకోవాలి. ఉపవాసం ఉన్నవాళ్ళకు కష్టం పగలు కాదు, ఇఫ్తార్ వేళ. ఖర్జూరం తొక్క ఇరుక్కుంటుంది కాబట్టి మెత్తగా నలిపి ఒక్కటి, రెండు గుక్కల నీళ్ళు, మగ్రిబ్ నమాజు. ఆ తర్వాత చిన్న భోజనం. సమోసా, పకోడీ, షర్బత్ పక్కన పెట్టాలి. తరావీహ్ ముందూ వెనుకా నీళ్ళు గుక్కగుక్కగా. పగలు తల తిరిగినా, మూత్రం ముదురు రంగులో కొద్దిగానే వచ్చినా రోజా విరమించాలి.

ఒంట్లో నీరు తగ్గడం గురించి శ్రీకాకుళం జిల్లావాళ్ళకు ఎక్కువ చెప్పనక్కర్లేదు. కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కూల్చిందో మనకు తెలుసు. ఉద్దానం జబ్బుకు కారణం ఇదీ అని ఇంకా తేలలేదు గానీ, ఆగని వాంతులూ మందులషాపులో అడిగి తెచ్చుకునే నొప్పి బిళ్ళలూ ఎవరి కిడ్నీకైనా చేటే. నొప్పి బిళ్ళలు బ్యాండు పైనున్న చిన్న సంచీలో పుండు కూడా పెడతాయి.

వాంతుల్లో ఇంకో ప్రమాదం ఉంది. బి1 విటమిన్ నిల్వ మన ఒంట్లో రెండు మూడు వారాలకు మించి ఉండదు. వరసగా వాంతులైతే అది అయిపోయి కాళ్ళు తిమ్మిరెక్కుతాయి, నడక తడబడుతుంది, మనిషి మతి తప్పుతాడు. ఈ జబ్బు మన తీరానికి కొత్తది కాదు. దీని పాత పేరు బెరిబెరి. 1835లో మాల్కమ్సన్ అనే వైద్యుడు మద్రాసులో దీని మీద పుస్తకం వేసినప్పుడు ఎక్కువగా రాసింది ఉత్తర సర్కారు జిల్లాల గురించే, అంటే మన గురించే. ఆనాడు అది తవుడు పోయిన తెల్ల బియ్యంతో వచ్చింది. ఈనాడు ఆపరేషన్ అయినవాళ్ళకు విటమిన్ మానేస్తే వస్తుంది. రెండు రోజులకు మించి వాంతులు ఆగకపోతే గ్యాసు అనుకుని ఇంట్లో కూర్చోకుండా ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే వెళ్ళాలి.

విటమిన్లు మానడానికి మనవాళ్ళు చెప్పే కారణం ఒకటి మాకు న్యాయంగానే తోచింది. క్యాప్సూల్ తొడుగు జెలటిన్‌తో చేస్తారు, అది ఏ జంతువుదో తెలియదు. దానికి జవాబు మానడం కాదు. నమిలే బిళ్ళలు, సిరప్పులు దొరుకుతాయి, బ్యాండు ఉన్నవాళ్ళకు మింగడానికీ అవే సులువు. ప్రొటీన్ పొడి డబ్బా మీద ఆకుపచ్చ చుక్క ఉందో లేదో చూసుకుంటే చాలు. అదీ కొనలేనివాళ్ళకు గుడ్లు, శనగలు, పెరుగు ఉన్నాయి.

దరఖాస్తు సంగతికి వస్తాము. ఆ ఆపా అడిగింది ఆపరేషన్ ఖర్చు కాదు. విశాఖపట్నం వెళ్ళి సెలైన్ సరిచేయించుకోవడానికి రానుపోను ఖర్చులు, ఏడాదికి సరిపడా విటమిన్లు, మూడు నాలుగు సార్లు రక్తపరీక్షలు. ఇంటి దగ్గర డబ్బు అయిపోయి రెండేళ్ళుగా ఆమె డాక్టరుకు కనిపించలేదు. పట్టీ వదులై ఉంది. ఆపరేషన్‌కు అప్పు ఇచ్చినవాళ్ళు ఉన్నారు, బంగారం తాకట్టు పెట్టినవాళ్ళు ఉన్నారు. తర్వాతి అయిదేళ్ళకు ఎవరూ లేరు. ఆ పెద్దాయనే చివరికి మొదటి ఏడాది ఖర్చు తన సదకా నుంచి ఇస్తానన్నారు. ఇకపై ఈ రకం దరఖాస్తు వస్తే ఆపరేషన్ బిల్లుతో పాటు తర్వాతి రెండేళ్ళ ఖర్చు కూడా రాయమని అడగాలని నిర్ణయించాము. జకాత్ నిధి నుంచి ఇచ్చేది అర్హులకే, ఆలిమ్‌ల సలహా మీదే.

ఈద్ మిలాప్‌కు ఆమెను పిలిచాము. ఒక సాసరులో రెండు చెంచాల ఖీమా, ఒక ఉడికిన గుడ్డు పెట్టాము. అరగంట కూర్చుని తిన్నది. షీర్ ఖుర్మా గిన్నె పట్టుకుని వచ్చిన పిల్లవాణ్ణి వాళ్ళ దాదీయే అవతలి వరసకు పంపేసింది.