నీటి అడుగున వెలుగు ఎటు నుంచి రావాలి?

జెట్టీ ఉక్కు స్తంభాలకు నీటిలో మునిగి ఉన్న వెల్డింగు అతుకుల స్థితిని నిర్ణయించడానికి మేము డైవర్లు తెచ్చే ఛాయాచిత్రాలపైనే ఆధారపడతాము. ఒకసారి వచ్చిన చిత్రాలలో అతుకు కనిపించలేదు. మంచు కురుస్తున్నట్లు తెల్లని చుక్కలే నిండి ఉన్నాయి. డైవరు మరల దిగవలసి వచ్చింది. దిగిన ప్రతిసారీ అతని ప్రాణానికి అపాయం పొంచి ఉంటుంది. కనుక కారణం వెదకడం మా బాధ్యత అనుకున్నాము.

లోపం కెమెరాది కాదు, ఫ్లాష్ ఉన్న చోటుది. కెమెరాలోనే అమర్చిన ఫ్లాష్ కటకం పక్కనే ఉంటుంది. నీటిలో తేలే ఒండ్రు రేణువులు ఆ వెలుగును నేరుగా కటకంలోకి తిప్పికొడతాయి. పొగమంచులో లారీ పెద్ద లైటు వేస్తే ఎదుట తెల్లని తెర ఏర్పడటం వంటిదే ఇది.

అందుకు విరుగుడు, నీరు చొరని కవచంలో ఉంచిన విడి ఫ్లాష్‌ను పొడవైన చేతికి బిగించి, కటకానికి దూరంగా పక్కకు నిలపడం. దానిని కొద్దిగా వెలుపలికి తిప్పితే కాంతి అంచు మాత్రమే వస్తువుపై పడుతుంది. నడుమనున్న నీరు చీకటిగా ఉంటుంది. పక్క వెలుగు వల్ల గుంటలకు, పగుళ్లకు నీడ ఏర్పడి లోతు తెలుస్తుంది.

నీటి వక్రీభవన గుణకం సుమారు 1.33. అందువల్ల మీటరు దూరంలోని వస్తువు 75 సెంటీమీటర్లలోనే ఉన్నట్లు తోస్తుంది. కంటికి కనిపించిన చోటికి గురిపెడితే వెలుగు వస్తువుకు ముందున్న నీటిపైనే పడుతుంది. కాబట్టి గురి ఇంకా ఆవలికి ఉండాలి. ఎరుపు కాంతిని నీరు మొదటి కొద్ది మీటర్లలోనే చాలావరకు హరిస్తుంది. తుప్పు నల్లగా కనిపిస్తుంది. ఫ్లాష్ ఆ ఎరుపును తిరిగి తెస్తుంది. అయితే కాంతి వస్తువు వరకు వెళ్లి కటకానికి మరల రావాలి. అందుచేత మీటరు లోపు దూరం నుంచి తీయడమే మేలు.

ఈ ఉపాయం కొత్తది కాదు. 1926లో అమెరికాలోని ఫ్లోరిడా తీరాన లాంగ్లీ, మార్టిన్ అనేవారు నీటిపై తెప్పలో మెగ్నీషియం పొడిని మండించి, ఆ వెలుగులో సముద్రంలోని చేపను రంగుల్లో చిత్రించారు. అప్పుడూ దీపం కెమెరాకు దూరంగానే ఉంది.

రెండవసారి దిగిన డైవరు గుల్లలు, నాచు గీకి, ఫ్లాష్‌ను పక్కకు చాచి చిత్రాలు తీశాడు. అతుకు అంచున సన్నని గీత కనిపించింది. అది పగులేనని అయస్కాంత కణ పరీక్షలో తేలింది, మరమ్మతు జరిగింది. నాటి నుంచి డైవరు దిగక ముందే ఒడ్డున ఫ్లాష్ కోణాన్ని సరిచూడటం మా తనిఖీ పట్టికలో మొదటి అంశమైంది.