ఒకవైపే ముక్కు దిబ్బడా? సైనస్ అని వదిలేయకండి

సింగపూర్‌లో మనవాళ్లకు ముక్కు దిబ్బడేస్తే "ఏసీ పడలేదు, సైనస్" అనుకోవడం అలవాటు. చాలాసార్లు అది నిజమే. కానీ ముక్కు వెనక, గొంతు పైభాగంలో వచ్చే నాసోఫారింజియల్ క్యాన్సర్ కూడా ఇలాగే మొదలవుతుంది. దక్షిణ చైనా మూలాలున్నవారిలో, అందులోనూ మగవారిలో ఇది ఎక్కువ. ఎప్‌స్టీన్-బార్ వైరస్, చిన్నప్పటి నుంచి ఉప్పుచేప తినడం, కుటుంబంలో ఎవరికైనా ఈ జబ్బు ఉండటం ముప్పు పెంచుతాయి. మనవారిలో అరుదే కానీ, రాదని కాదు.

జలుబు సాధారణంగా పదిరోజుల్లో తగ్గుతుంది. కింది లక్షణాలు రెండుమూడు వారాలు దాటినా తగ్గకపోతే డాక్టర్‌కు చూపించుకోండి:

- మెడలో నొప్పిలేని గడ్డ (చాలామందిలో మొదట కనిపించేది ఇదే)
- ఒకవైపే ముక్కు దిబ్బడ, ముక్కులోంచి రక్తం, కఫంలో రక్తపు చారలు
- ఒక చెవి మూసుకుపోయినట్టుండటం, హోరు, వినికిడి తగ్గడం
- తగ్గని తలనొప్పి, ముఖంలో తిమ్మిరి, ఒకటి రెండుగా కనిపించడం

పాలీక్లినిక్ లేదా దగ్గర్లోని జీపీ ఈఎన్‌టీ నిపుణుడి దగ్గరకు పంపుతారు. ముక్కులోంచి సన్నని కెమెరా గొట్టంతో కొద్ది నిమిషాల్లో చూస్తారు. అనుమానముంటే బయాప్సీ చేస్తారు. తొలిదశలో దొరికితే చాలామందికి రేడియేషన్‌తోనే నయమవుతుంది.

"సెలవులకు ఊరెళ్లినప్పుడు చూపించుకుందాంలే" అని మాత్రం వాయిదా వేయకండి.